తనకు తగిన వ్యాయామం

మానవ శరీరం శ్రమకోసం రూపొందింది. నడవడానికి కాళ్ళు, మోయడానికి భుజాలు, వంగి లేవడానికి వెన్ను దానికి సహజంగా సమకూరాయి. రెండు మూడు తరాల కిందటి తెలుగు ఇంట్లో ఈ అవయవాలన్నింటికీ ప్రతిదినమూ పని ఉండేది. వేకువనే కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టడం, నూతిలోనుంచి నీళ్ళు చేదడం, రోకలితో దంచడం, తిరగలి విసరడం, పొలానికి కాలినడకన వెళ్ళిరావడం నాటి దినచర్య. ఆ శ్రమను స్వర్ణయుగ లక్షణంగా కీర్తించవలసిన పనిలేదు. ఎందరో స్త్రీల నడుములు ఆ చాకిరీలోనే వంగిపోయాయి. కాని ఆ శ్రమ తొలగిపోతూ, శరీరానికి అవసరమైన కదలికను కూడా తన వెంట తీసుకొనిపోయింది. నేడు మోటారు నీళ్ళు తోడుతున్నది. మిక్సీ రుబ్బుతున్నది. వీధి చివరి కొట్టుకు వెళ్ళడానికి కూడా బండి సిద్ధంగా ఉన్నది. కష్టం తప్పింది, కష్టంతోపాటు కదలికా తప్పింది.

కదలిక తప్పితే ఏమవుతుందో చెప్పడానికి లండన్ నగరపు బస్సులు ఒక మంచి ఉదాహరణ. జెరీ మోరిస్ అనే వైద్యశాస్త్రజ్ఞుడు ఆ నగరంలోని రెండంతస్తుల బస్సుల డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి చూసి తన పరిశీలనను 1953లో ప్రకటించాడు. ఇద్దరూ పనిచేసేది ఒకే బస్సులో. ఒకరు రోజంతా కూర్చొని ఉంటారు. మరొకరు టిక్కెట్లకోసం మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటారు. కూర్చున్న డ్రైవర్లకంటె మెట్లెక్కిన కండక్టర్లలో గుండెజబ్బులు తక్కువగా కనిపించాయి. మన దేశంలో కూర్చుండే బతుకులు పెరిగిన ఈ కాలంలోనే మధుమేహమూ పెరిగింది. దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహంతో జీవిస్తున్నారని భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగిన అధ్యయనం 2023లో అంచనా వేసింది. దీనికి తిండి, వంశం, వయస్సు మొదలైన కారణాలెన్నో ఉన్నాయి. వాటిలో మనిషి చేతిలో ఉన్న కారణాలు కొన్నే. కదలిక లేకపోవడం అటువంటి వాటిలో ఒకటి.

కనుక, పనిలో దొరకని శ్రమను వ్యాయామంగా సంపాదించుకోవలసిన అవసరం ఏర్పడింది. పూర్వం ఊళ్ళలో తాలింఖానాలు, గరిడీలు ఉండేవి. ఇప్పుడు పట్టణాలలో జిమ్ములు ఉన్నాయి. అయితే అందరూ అక్కడికి వెళ్ళలేరు. రుసుము కట్టలేనివారు, సమయం చిక్కనివారు, పదిమందిలో వ్యాయామం చేయడానికి జంకేవారు, చంటిబిడ్డను వదిలి కదలలేనివారు ఎందరో ఉన్నారు. వీరందరికీ ఇల్లే వ్యాయామశాల. 2020 మార్చిలో కరోనా కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ విధించినప్పుడు, అంతవరకు బయట వ్యాయామం చేసేవారికి కూడా ఇల్లే గతి అయింది. నాటినుంచి ఇంట్లో చేసుకోదగిన వ్యాయామ పద్ధతులు ఇబ్బడిముబ్బడిగా ప్రచారంలోకి వచ్చాయి. చరవాణి తెరిస్తే చాలు, ఒకరు ఏడు నిమిషాలు చాలునంటారు. మరొకరు నూటెనిమిది సూర్యనమస్కారాలు చేయమంటారు. ఇంకొకరు రోజుకు పదివేల అడుగులు నడవమంటారు. మంచివి అనేకం ఉన్నప్పుడు తనకు మంచిది ఏది అన్న ప్రశ్న పుడుతుంది. ఎంపికకు వివేకం అక్కడే కావాలి.

ఈ వివేకం మన పూర్వులకు తెలియనిది కాదు. శ్రీకృష్ణదేవరాయల కొలువును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, రాయలవారి వ్యాయామాన్ని కన్నులకు కట్టినట్లు వర్ణించాడు. రాయలు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒంటినిండా అదే నూనె పట్టించుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తేవాడు. ఆ నూనె చెమటగా కారిపోయేదాకా కత్తిసాము చేసి, తన మల్లులలో ఒకరితో కుస్తీ పట్టి, ఆపైన తెల్లవారేవరకు గుర్రపుస్వారీ చేసేవాడట. ఇది చక్రవర్తి ఇంటి వ్యాయామం. యుద్ధరంగంలో సేనలను నడిపించవలసిన దేహానికి ఇది తగినది. ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చొనే గుమాస్తా రాయలవారిని చూచి రేపటినుంచే ఈ పద్ధతిని ఆరంభిస్తే, మూడవనాటికి మంచం పడతాడు. లోపం రాయలవారి పద్ధతిలోనూ లేదు, గుమాస్తా దేహంలోనూ లేదు. ఒకదానికి ఒకటి పొసగకపోవడమే లోపం.

ఆయుర్వేదం ఈ పొసగడాన్ని 'సాత్మ్యం' అన్నది. శరీరానికి ఒదిగి, అలవాటై, మేలు చేసేది సాత్మ్యం. ఆహారానికే కాదు, విహారానికి కూడా ఈ మాట వర్తిస్తుంది. తన బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలని సుశ్రుతుడు చెప్పాడు. వాగ్భటుడు ఇంకా ముందుకు వెళ్ళి ఋతువునుబట్టి కూడా హద్దు పెట్టాడు. బలవంతులు, నేతితో నూనెతో కూడిన ఆహారం తీసుకొనేవారు చలికాలంలోనూ వసంతంలోనూ సగం బలం మేరకు, తక్కిన ఋతువులలో అంతకన్న తక్కువగా చేయాలన్నాడు. ఇందులో గమనించదగిన సూక్ష్మం ఒకటి ఉంది. ఆ శాస్త్రకర్తలు అందరికీ ఇన్ని సార్లు, ఇంత సేపు అని లెక్క కట్టలేదు. ఎవరి బలంలో వారికి సగం అన్నారు. కొలబద్ద చేసేవాని దేహంలోనే ఉన్నది.

ఆధునిక శాస్త్రం దీనికి కొంత స్పష్టమైన లెక్కను జోడించింది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, వయోజనులు వారానికి 150 నుంచి 300 నిమిషాలపాటు మధ్యస్థమైన శ్రమగాని, 75 నుంచి 150 నిమిషాలపాటు తీవ్రమైన శ్రమగాని చేయాలి. వారంలో రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలి. 5 నుంచి 17 ఏళ్ళవారికి సగటున రోజుకు 60 నిమిషాల శ్రమ అవసరం. 65 ఏళ్ళు దాటినవారు పడిపోకుండా నిలదొక్కుకొనే సాధన కూడా చేయాలి. మాట్లాడగలిగి, పద్యం మాత్రం రాగయుక్తంగా పాడలేనంతగా ఊపిరి వేగం పెరిగితే అది మధ్యస్థమైన శ్రమ. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవలసివస్తే అది తీవ్రమైన శ్రమ. ఒక్కొక్క విడత కనీసం పది నిమిషాలైనా ఉండాలన్న పాత నియమాన్ని ఈ మార్గదర్శకాలు తొలగించాయి. ఐదు నిమిషాలు మెట్లెక్కినా అది లెక్కలోకే వస్తుంది. తీరిక లేనివారికి ఇది గొప్ప ఊరట.

ఈ లెక్కను పరిశీలిస్తే వ్యాయామం దేహానికి ఇవ్వవలసిన వరాలు నాలుగని తెలుస్తుంది. అవి అలసటను తట్టుకొనే దమ్ము, బరువును ఎత్తే బలం, కీళ్ళు చక్కగా వంగే సౌలభ్యం, తూలకుండా నిలిచే నిలకడ. ఏ పద్ధతిని పోల్చి చూడాలన్నా ఈ నాలుగింటిలో అది దేనిని ఇస్తుంది, దేనిని ఇవ్వదు అని అడగడం మొదటి మెట్టు.

నడక అన్నింటిలోకి సులభమైనది. ఉపకరణం అక్కరలేదు, గురువు అక్కరలేదు. డాబామీద నడవవచ్చు, వసారాలో నడవవచ్చు. చురుకుగా నడిస్తే దమ్ము పెరుగుతుంది. రోజుకు పదివేల అడుగులు అన్న సంఖ్య మాత్రం శాస్త్రం తేల్చిన హద్దు కాదు. 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల లెక్కింపు యంత్రానికి 'పదివేల అడుగుల మీటరు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ పేరే క్రమంగా లోకానికి లక్ష్యమైపోయింది. అంతకన్న తక్కువ నడిచినవారికీ ప్రయోజనం ఉంది. అయితే నడక ఎంత మంచిదైనా భుజాలకు, చేతులకు బలమివ్వదు. నడక ఒక్కటే చాలుననుకొనేవారు ఈ లోటును గుర్తించాలి.

సూర్యనమస్కారాలను ఔంధ్ సంస్థానాధిపతి భవన్‌రావు పంత్ ప్రతినిధి 1920వ దశకంలో విస్తృతంగా ప్రచారం చేశాడు. పన్నెండు భంగిమల ఈ వరుసలో వెన్ను ముందుకూ వెనుకకూ వంగుతుంది. అరచేతులు, భుజాలు దేహభారాన్ని మోస్తాయి. వేగంగా చేస్తే దమ్ము, నెమ్మదిగా చేస్తే కీళ్ళ సౌలభ్యం సమకూరుతాయి. ఒక చాప పట్టినంత చోటు చాలు. అయితే దేనినైనా తనవైపు లాగే పని ఇందులో లేదు. మణికట్టు నొప్పి ఉన్నవారు, నడుము పట్టేసినవారు, తల వంచితే కళ్ళు తిరిగేవారు వైద్యుని సలహా తీసుకొన్న తరువాతే దీనిని చేపట్టాలి. మల్లులు చేసే దండీలు, బస్కీలు బలానికి పెట్టింది పేరు. దండీ ఛాతీని, భుజాలను గట్టిపరిస్తే, బస్కీ తొడలను గట్టిపరుస్తుంది. మోకాళ్ళు అరిగినవారికి లోతైన బస్కీ పనికిరాదు; కుర్చీమీద కూర్చొని లేవడం వారికి బస్కీతో సమానం. నేలమీద దండీ తీయలేనివారు గోడకు చేతులు ఆనించి తీయవచ్చు.

పాశ్చాత్య పద్ధతులలో కెనడా వైమానికదళంకోసం బిల్ ఆర్బన్ 1950వ దశకం చివర రూపొందించిన పద్ధతి పేర్కొనదగినది. ఐదు వ్యాయామాలు, పదకొండు నిమిషాలు, ఉపకరణాలు శూన్యం. స్త్రీలకోసం పది వ్యాయామాలతో పన్నెండు నిమిషాల వరుసను వేరుగా కూర్చారు. దీని గొప్పతనం వ్యాయామాల ఎంపికలో కన్న మెట్ల ఏర్పాటులో ఉంది. ప్రతి మెట్టుకూ ఇన్నిసార్లు అని పట్టిక ఉంటుంది. ఒక మెట్టు నిలకడగా వచ్చిన తరువాతే పై మెట్టుకు వెళ్ళాలి; వయస్సునుబట్టి ఎక్కడ ఆగాలో కూడా అందులోనే ఉంటుంది. అయితే కాళ్ళు చాచి పడుకొని లేచే వ్యాయామం నడుముమీద భారం వేస్తుందని తరువాతి శిక్షకులు ఆక్షేపించారు. పద్ధతిలోని క్రమాన్ని గ్రహించి, కీడుచేసే భాగాన్ని మార్చుకోవడం వివేకం.

తక్కువ సమయంలో ఎక్కువ ఫలం అన్న ఆశతో నేడు తీవ్ర వ్యాయామాలు ఎక్కువగా ప్రచారమవుతున్నాయి. జపాను శాస్త్రజ్ఞుడు ఇజుమి తబాతా, అతని సహచరులు 1996లో ప్రకటించిన పద్ధతి వీటిలో ప్రసిద్ధం. ఇరవై సెకన్ల తీవ్రశ్రమ, పది సెకన్ల విరామం. ఇట్లా ఎనిమిది ఆవృత్తులు చేస్తే నాలుగు నిమిషాలు. వినడానికి ఎంతో సులభం. కాని ఆ పరిశోధనలో పాల్గొన్నవారు అప్పటికే దేహదారుఢ్యం గల యువకులు. వారు చేసింది ప్రయోగశాలలోని సైకిలుమీద, ఓపిక పూర్తిగా ఉడిగిపోయేంత తీవ్రతతో. దానిని యాభై ఏళ్ళవారు వంటింటి పక్క గదిలో గెంతుతూ చేయబోతే ఫలమూ అదే కాదు, ప్రమాదమూ అంతే కాదు. 2013లో అమెరికాలో ప్రకటితమై లోకప్రసిద్ధి పొందిన ఏడు నిమిషాల వరుసలో పన్నెండు వ్యాయామాలు ఉన్నాయి. కుర్చీ, గోడ ఉంటే చాలు. దానిని రెండు మూడుసార్లు చేయవచ్చునని రూపకర్తలు చెప్పిన మాట మాత్రం ప్రచారంలో మరుగున పడిపోయింది. 'ఏడు నిమిషాలు' అన్న శీర్షిక ఒక్కటే జనం నోట మిగిలింది.

ఈ పోలికలనుబట్టి ఏ పద్ధతీ సర్వోత్తమం కాదని తెలుస్తుంది. మరి ఎంచుకోవడం ఎట్లా? ఒకే కప్పు కింద నివసించే ఒక మధ్యతరగతి కుటుంబాన్ని ఊహించుకొంటే సమాధానం స్పష్టమవుతుంది. మూడవ అంతస్తులో రెండు గదుల వాటా. అందులో డెబ్బై ఏళ్ళ నాయనమ్మ, కార్యాలయంలో కూర్చొని పనిచేసే తండ్రి, ఇల్లు నడిపే తల్లి, ఇంటర్మీడియట్ చదివే కూతురు.

నాయనమ్మకు కావలసినది నిలకడ. ఆ వయస్సులో ఒక్కసారి జారిపడితే తుంటి ఎముక విరగవచ్చు. ఆ తరువాత మంచమే లోకం కావచ్చు. ఆమె పట్టె గట్టిగా ఉన్న కుర్చీలో కూర్చొని లేవడం, కిటికీ ఊచ పట్టుకొని మడమలెత్తడం, మనుమరాలు పక్కన ఉండగా ఒంటికాలిమీద కొద్దిక్షణాలు నిలవడం సాధన చేయాలి. తండ్రికి ఇటీవలనే మధుమేహం బయటపడింది. భోజనానంతరం చేసే నడక రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా అదుపు చేస్తుంది. దానికి వారంలో రెండు రోజులు గోడ దండీలు, బస్కీలు చేర్చాలి. ఎందుకంటే రక్తంలోని చక్కెరను ఎక్కువగా వినియోగించుకొనేవి కండరాలే. కూతురు తరగతిలో, కోచింగులో, ఇంట్లో కలిపి పది గంటలకు పైగా కూర్చొంటున్నది. ఎముకలు గట్టిపడే వయస్సు అది. ఆమె తాడాట ఆడాలి, గెంతాలి, దండీలు తీయాలి. అయితే గదిలో గెంతితే కింది వాటావారికి ఇబ్బంది. కనుక సాయంకాలం డాబాయే ఆమెకు వ్యాయామశాల. లీటరు నీళ్ళ సీసా ఒక కిలో బరువుతో సమానం; సగం నింపిన బకెట్టును వంగి నడుము దాకా లాగితే, సూర్యనమస్కారాలలో లేని లాగుడు పని కూడా వీపుకు అందుతుంది.

ఇక మిగిలినది తల్లి. 'ఆమెకు వ్యాయామం ఎందుకు? రోజంతా పనేగదా!' అని ఇంట్లో అందరూ అంటారు. ఆమె కూడా అదే అంటుంది. ఆలోచిస్తే ఈ మాట సగమే నిజం. పొయ్యి దగ్గర గంటల తరబడి నిలవడంవల్ల కాళ్ళు లాగుతాయి, అలసట కలుగుతుంది. కాని గుండె వేగం చాలినంత పెరగదు. భుజానికి, వీపుకు క్రమంగా పెరిగే బరువు అందదు. అలసట వేరు, వ్యాయామం వేరు. ఆమె ఏ పద్ధతిని ఆరంభించినా పది రోజులకే ఆగిపోతుంది. సోమరితనంవల్ల కాదు. నలభై ఐదు నిమిషాల పద్ధతిలో పదవ నిమిషానికి పాలు పొంగుతాయి, పన్నెండవ నిమిషానికి తలుపు తడతారు, పదిహేనవ నిమిషానికి 'అమ్మా, నా పుస్తకమేది?' అన్న పిలుపు వినిపిస్తుంది. ఆమెకు కొరతైనది సంకల్పం కాదు, అంతరాయం లేని కాలం. అందుచేత ఐదేసి నిమిషాల తునకలుగా చేసుకోదగిన పద్ధతి ఆమెకు సాత్మ్యం. అంతకన్న ముఖ్యం, వారానికి కొన్ని రోజులైనా ఒక ఇరవై నిమిషాలపాటు పొయ్యిని తండ్రో, తలుపును కూతురో చూసుకోవాలి. కొన్ని సందర్భాలలో తగిన వ్యాయామాన్ని ఎంచుకోవడం ఒక్కరి పని కాదు. ఇంటిల్లిపాదీ కలిసి చేయవలసిన పని.

ఈ కుటుంబాన్ని చూచిన తరువాత ఎంపికకు వేసుకోవలసిన ప్రశ్నలు వాటంతటవే ఏర్పడతాయి. ఈ దేహంలో కొరతైనది దమ్మా, బలమా, సౌలభ్యమా, నిలకడా? ఉన్న నొప్పిని ఈ పద్ధతి పెంచుతుందా? ఉన్న చోటులో, ఉన్న దుస్తులలో, ఉన్న తీరికలో ఇది సాధ్యమా? మొదటి మెట్టు తనకు అందేంత ఎత్తులో ఉన్నదా, ఆపైన మెట్లు ఉన్నాయా? చివరిది, అన్నింటిలోకి ప్రధానమైనది: రేపు మళ్ళీ చేయాలనిపిస్తుందా? ఈ చివరి ప్రశ్నకు కాదన్న సమాధానం వస్తే, తక్కిన గుణాలన్నీ ఉన్నా ఆ పద్ధతి నిరర్థకం. ఆరు నెలలు సాగిన సామాన్యమైన నడక, ఆరు రోజులలో ఆగిన అద్భుత వ్యాయామంకన్న మేలు.

పద్ధతిని ఎంచుకొన్న తరువాత ఆరు నుంచి ఎనిమిది వారాలు దానికి అవకాశం ఇవ్వాలి. అంతకు ముందే మరొకదానికి మారితే ఏదీ ఫలించదు. నాలుగు చోట్ల నాలుగేసి అడుగులు తవ్వితే నీరు పడదు. ఫలాన్ని కొలవడానికి అద్దమూ, తూకపుయంత్రమూ మాత్రమే చాలవు. మూడంతస్తుల మెట్లెక్కినప్పుడు ఆయాసం తగ్గిందా, నిద్ర బాగా పడుతున్నదా, బియ్యపు సంచి మునుపటికన్న తేలికగా లేస్తున్నదా అని చూసుకోవాలి. కండరాల తీపు ఒకటి రెండు రోజులలో తగ్గితే భయం లేదు. కీలులో పోటుగాని, ఛాతీలో నొప్పిగాని, కళ్ళు తిరగడంగాని కలిగితే వెంటనే ఆపి వైద్యుని సంప్రదించాలి. గుండెజబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు, గర్భవతులు వైద్యుని మాట తెలుసుకొన్న తరువాతే ఆరంభించాలి.

చాలామంది వ్యాయామాన్ని మధ్యలో మానివేసి తమను తాము నిందించుకొంటారు. 'నాకు పట్టుదల లేదు' అని తీర్పు చెప్పుకొని, ఇక ఆ మాటే తలపెట్టరు. అసలు నష్టం అక్కడ జరుగుతున్నది. ఒక పద్ధతి కుదరకపోవడం అపజయం కాదు. కాలికి సరిపోని చెప్పును మార్చుకొంటామేగాని, కాలిని కోసుకోము; నడక మానుకోము. పరుల దేహానికి కొలిచి కుట్టిన వ్యాయామం తనకు ఇరుకైతే, దానిని విడిచి తన కొలతకు వచ్చేదానిని వెదకుకోవాలి.

విద్యార్థిదశలో ఉన్నవారికి ఈ వివేకం మరింత అవసరం. పరీక్షల కాలంలో మొదట పక్కన పెట్టేది ఆటలనే. పరీక్షలు ముగుస్తాయి గాని, కూర్చొనే అలవాటు ముగియదు. అది కళాశాలనుంచి ఉద్యోగానికి, ఉద్యోగంనుంచి ఆసుపత్రికి వెంట వస్తుంది. పదిహేడేళ్ళ వయస్సులో తన దేహపు కొలతను తెలుసుకొన్నవారు, వయస్సుతో ఆ కొలత మారినప్పుడల్లా వ్యాయామాన్ని కూడా మార్చుకోగలుగుతారు. పుస్తకాన్ని మూసి ఒకసారి డాబామీదకు వెళ్ళివచ్చినంత మాత్రాన చదువు వెనుకబడదు. ఆ చదువును జీవితాంతం మోయవలసినది ఈ శరీరమే.